కరెంటు పెట్టిన దవడ

(నందిగామ బస్టాండు ఎదురుగా పళ్ళ డాక్టరు భవానీప్రసాద్ గది. 1983 ఆగస్టు, శనివారం, పన్నెండు దాటింది.)

"పీకను మాస్టారూ. ఇంకో వందసార్లు అడిగినా ఇదే మాట. పీకను."

"పీకమని కాదండీ నేనడిగేది. పీకితే ఏమవుద్దీ అని."

"రెండూ ఒకటే. నాతో 'ఏం కాదులే' అనిపించి, ఆ తర్వాత మెల్లగా ఆవిణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెడదామని. రోజూ చూస్తున్నా ఇట్టాంటివి."

"నాకట్టాంటి ఆలోచనేం లేదండి."

"మరి ఆ పుస్తకం, పెన్నూ ఎందుకు? నాకేమన్నా పరీక్ష పెడుతున్నారా?"

"మీరు చెప్పింది మర్చిపోతానని రాసుకుంటన్నానండి. బడిపంతుల్ని గదా, అలవాటు."

"రాసుకోండి. పీకకూడదు అని పెద్దక్షరాలతో రాసుకోండి. ఇందాక బయట జనం గోలలో సరిగ్గా వినలా. మీ ఆవిడ సంగతి మొదట్నుంచి చెప్పండి."

"దేవమణండి పేరు. నలభై ఒకటి. మాది జగ్గయ్యపేట. మూడేళ్ళ కిందట ఎడం బుగ్గలోపల పుండు లేచింది. గుంటూరు తీసికెళ్తే ముక్క తీసి పరీక్ష చేసి, కేన్సరన్నారు. ముప్ఫై మూడు రోజులు కరెంటు పెట్టారు."

"రేడియేషన్ మిషన్ కింద పడుకోబెట్టి?"

"అవునండి. పుండు పోయింది. మళ్ళీ రాలేదు, దేవుడి దయవల్ల. ఇప్పుడీ పన్ను."

"ఏ పన్ను?"

"ఎడం పక్కేనండి. కింద దవడ. వెనకపన్ను."

"కరెంటు పెట్టిన పక్కే. కింద దవడే. వెనకపన్నే. ఏరికోరి తెచ్చారు గదండీ మూడూ!"

"అంటే?"

"అంటే ఏముంది, పై దవడైతే కొంత నయం. దానికి నెత్తురు బాగా అందుద్ది. కింది దవడకి ముందే తక్కువ, కరెంటు పెడితే ఆ కాస్తా అడుగంటిద్ది. సాగర్ కాలవ కింద నీళ్ళందని చివరి పొలాలు లేవూ మీ వైపు? అట్టాగ. పైకి మాత్రం ఏం తెలీదు. మామూలు ఎముకే, మామూలు పన్నే. పన్ను పీకామనుకోండి, ఆ గుంట మానాలి గదా? మానాలంటే నెత్తురు కావాలి. నెత్తురేది? గుంట పూడదు. ఎముక బయటపడుద్ది. బయటపడ్డ ఎముక చచ్చుద్ది."

"అందరికీనా అండి?"

"అందరికీ కాదు."

"మరి ఎంతమందికి? నూటికి పదిమందికా, యాభైమందికా?"

"చెప్పలేను."

"సుమారుగా?"

"సుమారు చెప్పడానికి నేనేమన్నా మిరపకాయల దిగుబడి చెప్తున్నానా? కొందరికి పీకినా మానుద్ది. కొందరికి పీకకపోయినా, ఊరికే కట్టుడు పన్ను ఒరుసుకుని మొదలవుద్ది. కొందరికి ఆరు నెలల్లో, కొందరికి పదేళ్ళకి. ఇద్దరికి ఒకే మిషన్ కింద, ఒకే లెక్కన పెట్టినా ఒకరికొచ్చి ఒకరికి రాదు. ఎవరికొస్తదో ముందు చెప్పే మిషన్ ఇంకా ఎవడూ కనిపెట్టలా."

"కానీ కొంత చెప్పొచ్చు గదండీ. ఏవో చూసి చెప్తారంట గదా?"

"ఎవరన్నారు?"

"గుంటూరు డాక్టరుగారే. ఆరేడు సంగతులు చూసుకుంటే ఇటో అటో తెలుద్దన్నారు."

"ఆయన్నే చెప్పమనకపోయారా?"

"ఇంకోళ్ళని కూడా అడగమన్నారండి."

"నా నెత్తిమీదకి తోశారన్నమాట. సరే, అడుగుతా, దాచకుండా చెప్పండి. కరెంటు మొత్తం ఎంత పెట్టారో కార్డు మీద ఉంటది, చూశారా?"

"ఆరువేల ఐదొందలని ఉందండి."

"ఎక్కువే. పొగాకు అలవాటుందా?"

"మానేసిందండి."

"ఎప్పుడు?"

"కరెంటు పెట్టినప్పుడు."

"అప్పట్నుంచీ ఇప్పటిదాకా ముట్టుకోలా?"

"మానేసిందనే చెప్పుద్దండి."

"మాస్టారూ, నేనడిగింది ఆవిడేం చెప్తుందని కాదు."

"...పండక్కీ పబ్బానికీ ఆకూవక్కలో చిన్న కాడ పెట్టుకుంటదండి."

"క్రిస్మస్సుకీ ఈస్టరుకీనా?"

"ఆదివారాలు కూడాండి."

"ఆదివారాలు కూడా! మరి మిగతా ఆరు రోజులూ వదిలేసిందా? రాసుకోండి అది కూడా. నోరు ఎంత తెరుచుద్ది? మూడు వేళ్ళు నిలువునా పడతాయా?"

"ఒకటండి. బలవంతాన ఒకటిన్నర."

"అబ్బా. నోరు తెరిచే కసరత్తు చెప్పలేదా గుంటూరులో?"

"చెప్పారండి. ఐసుఫ్రూటు పుల్లలు కట్టగట్టి పళ్ళ మధ్య పెట్టుకుని, వారానికో పుల్ల పెంచమన్నారు. పన్నెండు పుల్లల దాకా వచ్చిందండి."

"తర్వాత?"

"చొంగ కారుద్ది గదండీ, పెట్టుకుని కూర్చుంటే. మా అక్కగారి పిల్లలు చూసి నవ్వారు. ఆ రోజే తీసి పొయ్యిలో పారేసింది. నేనెంత బతిమాలినా మళ్ళీ పెట్టుకోలా. పుండు పోయింది గదా, ఇంకా ఈ పుల్లల గోలేంటంది. ఇప్పుడు అన్నం ముద్ద పట్టదండి నోట్లో. జావే."

"చేతులారా చేసుకున్నారు."

"అవునండి."

"అవునండీ అంటారేంటండీ ప్రతిదానికీ! కోపం రాదా మీకు?"

"ఎవరి మీద వచ్చుద్దండి?"

"డాక్టరుగారండీ, బయట చందర్లపాడాయన బస్సు పోతదంట. ఇంకెంతసేపని అరుస్తన్నాడు."

"కూర్చోమను పుష్పవతీ. తర్వాత బస్సుంది. దవడ వాచినాయనకి ఇంత గొంతెక్కణ్ణుంచి వచ్చింది? ఊఁ, మాస్టారూ, ఆ కార్డు తెచ్చారా?"

"తెచ్చానండి. ఇదిగో."

"ఇది చూశారా? కింద, ఎర్రసిరాతో? 'మాకు చూపకుండా ఆ పక్క పన్ను తీయించరాదు.' తెలుగులోనే రాశారు గదండీ పాపం, మీలాంటివాళ్ళు ఇంగ్లీషు రాదంటారని. చదివారా?"

"చదివానండి. మొదటి ఏడాది దాన్ని తీసి గోడకి కూడా అంటించా."

"మరి ఇప్పుడు పన్ను పీకితే ఏమవుద్దని అడగడమేంటి?"

"బుగ్గండి..."

"బుగ్గేంటి?"

"కరెంటు పెట్టినప్పుడు బుగ్గంతా పెనం మాదిరి నల్లబడింది. పొరలు లేచింది. ఏడాదిన్నరకి ఆ నలుపు పూర్తిగా పోయిందండి. రెండు బుగ్గలూ ఒకటే రంగు. మా వీధిలో ఇంకో ఇద్దరున్నారు కరెంటు పెట్టించుకున్నోళ్ళు. నలుపు పోతే కరెంటు దిగిపోయినట్టే, ఇంకేం పథ్యాలు అక్కర్లేదన్నారు. మాకూ అట్టాగే అనిపించింది. కళ్ళకి కనపడతంది గదండీ మరి."

"చర్మం మారుద్దండీ! పాతది ఊడి కొత్తదొస్తది. ఎముక ఊడి కొత్తదొస్తదా? మూడేళ్ళయినా, ముప్ఫై ఏళ్ళయినా ఆ దవడ కరెంటు పెట్టిన దవడే. బళ్ళో పాఠం చెప్పేవాళ్ళు మీరే ఇట్టా అనుకుంటే ఇంక కూలికి పోయేవాళ్ళకేం చెప్పాలి నేను?"

"నేనూ అదే అనుకుంటన్నానండి రాత్రిళ్ళు."

"సరే. ఇంకా పీకలేదు గదా, నయం. ఆవిణ్ణి పిలవండి, చూస్తా. వేరుకి మందు పెట్టి, పైన కట్టేసి, పీకకుండా నెట్టుకొద్దాం. ఏదీ ఆవిడ?"

"బస్టాండులో కూర్చుందండి."

"ఇక్కడిదాకా వచ్చి బస్టాండులోనా? బయట బెంచీ ఉంది గదా."

"నలుగురిలో కూర్చోదండి. వాసనొస్తదని."

"వాసనా?"

"చర్చిలో కూడా వెనకాల గుమ్మం దగ్గర నిలబడుద్ది. పక్కనోళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారని ఒకరోజు..."

"ఆగండాగండి. పుచ్చుపన్నుకి అంత వాసనెందుకొచ్చుద్ది? చీము కారుతుందా?"

"కొంచెం."

"ఎక్కణ్ణుంచి?"

"లోపల్నుంచి. దవడ కిందనుంచి కూడా ఒక చోట. చిన్న చిల్లండి, సూది మొనంత."

"చర్మం మీదా?! ఇదా చెప్పకుండా ఇంతసేపు కూర్చుంది మీరు! ఎక్స్‌రే ఉందా?"

"ఉందండి. గుంటూరులో పోయిన వారం తీశారు."

"ఇవ్వండి. లేవండి, కిటికీ దగ్గరికి రండి. ఇదిగో, ఇది దవడ మూల. ఇవి ముందుపళ్ళు. ఇటు వస్తే... ఒకటి, రెండు... మాస్టారూ."

"ఆఁ అండి."

"వెనకపన్నేది?"

"లేదండి."

"లేదండీ ఏంటి?"

"పీకేశారండి."

"పీకేశారా? ఎప్పుడు?"

"ఇవాళ్టికి అరవై రెండు రోజులు."

"అరవై రెండు...! ఇంతసేపూ పీకితే ఏమవుద్దీ, పీకితే ఏమవుద్దీ అని నా చేత నోరెండేలా చెప్పించారు గదయ్యా! పీకేసి వచ్చి!"

"పీకేశామని ముందే అంటే మీరింత వివరంగా చెప్పరనుకున్నానండి."

"చెప్పక ఏం చేస్తా?"

"పీకేసిన వాళ్ళకి అందరూ ధైర్యమే చెప్తన్నారండి. జగ్గయ్యపేటలో అడిగా, కంచికచర్లలో అడిగా. 'ఏం కాదు, ఉప్పునీళ్ళు పుక్కిలించండి' అంటారు. రెండు నెలల్నుంచీ పుక్కిలిస్తానే ఉందండి. ధైర్యంతో నాకేం పని? సోమవారం లోపల నేనొకటి తేల్చుకోవాల."

"సోమవారం ఏముంది?"

"గుంటూరు రమ్మన్నారండి. వాళ్ళు రెండు దార్లు చెప్పారు. ఇప్పుడే ఆ చెడిన ముక్క వరకూ కోసేస్తే దవడ గీత నిలబడుద్దంట, మూతి పెద్దగా వంకరపోదంట. లేదూ ఇంకో మూణ్ణెల్లు కడుగుతా, మాత్రలేసుకుంటా ఆగితే దానంతటదే మానొచ్చంట. మానకపోతే మాత్రం అప్పుడు సగం దవడ తీసేయాలంట. ఏది చేయమంటారు మాస్టారూ అని నన్నడిగారు. నన్నండీ! ఐదో తరగతి లెక్కలు చెప్పుకునే వాణ్ణి. కోయమని నేను చెప్పి, అది మానేదేనని తర్వాత తెలిస్తే? ఆగమని చెప్పి సగం మొహం పోతే? ఏ మొహం పెట్టుకుని దానితో కాపరం చేస్తానండి నేను?"

"కూర్చోండి. కూర్చోండి మాస్టారూ. పుష్పవతీ, మంచినీళ్ళియ్యి."

"వద్దండి. చెప్పండి మీరు. ఏం కనపడతంది అందులో?"

"నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇట్టాంటి కేసు ఒకటొచ్చింది. మునగాల వైపు నుంచి ఒక రైతు. కరెంటు పెట్టిన పక్క పన్ను పీకించుకున్నాడు. చేలో కూర్చుని మొక్కజొన్న పొత్తు కొరికాడంట, టప్‌మని దవడ విరిగింది. చేత్తో పట్టుకుని వచ్చాడు. అప్పట్నుంచీ ఎవరు కరెంటన్నా నేను పటకారు ముట్టుకోను. అందుకే మీ మీద అరిచా."

"అరవండి. పర్లేదు. మా ఆవిడది విరుగుద్దా?"

"అన్నీ చెడ్డవైపే ఉన్నాయండి. దాచి లాభం లేదు. కరెంటు ఎక్కువ, కింద దవడ, పొగాకు మానలేదు, రెండు నెలలైనా గుంట పూడలేదు, పైకి చిల్లు పడింది. ఎముక కళ్ళకి కనపడుతుందా?"

"టార్చి వేసి చూస్తే పచ్చగా కనపడతదండి. బియ్యపుగింజంత."

"పెదవి తిమ్మిరి?"

"ఎడం పక్క చీమలు పాకినట్టుందంటది."

"ఊఁ."

"ఊఁ అంటే? కోయించమనేగా?"

"ఆగండి. ఇక్కడొక తిరకాసుంది. ఇట్టా చూడండి, గుంట అడుగున తెల్లటి మరక. కనపడుతుందా? పెన్సిలు మొనలా ఉంది."

"ఆఁ. ఉంది."

"అది పీకినప్పుడు విరిగి లోపలుండిపోయిన వేరుముక్కైనా అయ్యుండాలి, చచ్చి విడిపోయిన ఎముక పెచ్చైనా అయ్యుండాలి. ఈ ఎక్స్‌రేలో రెండూ ఒక్కలాగే పడతాయి. వేరుముక్కైతే చీముకి, చిల్లుకి కొంత అదే కారణం. దాన్ని మెల్లగా తీయించి ఆగొచ్చు, ఆశుంది. వేరు కాకపోతే... ఎముక చావడం మొదలైనట్టే. ఒక్కరోజు కూడా ఆగకూడదు. సోమవారం కోయించడమే."

"అంటే దీన్నిబట్టే ఉందన్నమాట మొత్తం."

"నాకు తోచినంతవరకూ దీన్నిబట్టే. రాసుకోండి."

"రాసుకున్నానండి. ఏదైందీ తేలేదెట్టాగండి?"

"పీకినవాణ్ణి అడిగితే ఒక్క నిమిషంలో తేలుద్ది. పన్ను బయటికొచ్చాక వేరు చివరిదాకా ఉందా, విరిగిందా, చూస్తాం గదా ఎవరమైనా. ఎవడు పీకాడు?"

"ఒక డాక్టరుగారేనండి."

"ఏ డాక్టరు? పేరు?"

"మంచి పేరున్నాయనేనండి."

"పేరుంటే చెప్పరేం? బస్టాండులో గుడ్డ పరిచి కూర్చుంటాడే పటకారు పట్టుకుని, వాడు కాదు గదా?"

"ఛఛ. కాదండి. చదువుకున్నాయనే."

"చదువుకున్నవాడు నోరు ఒకటిన్నర వేలు తెరుచుకునే మనిషి కనపడితే ఎందుకిట్టా అని అడగడా? కార్డు చూపించలేదా మీరు?"

"తీసికెళ్ళానండి. చేతిలోనే ఉంది. గుమ్మం దగ్గర కాగితాలేం అక్కర్లేదన్నారు. షుగరుందా, బీపీ ఉందా అని రెండే అడిగారు. ఆ రెండూ దానికి లేవండి. అందుకని లేవని చెప్పింది."

"మీరన్నా లోపలికెళ్ళి చెప్పొద్దూ?"

"ఆడవాళ్ళ వరసలోకి మగవాళ్ళని రానివ్వలేదండి. ఇది కొంగు కప్పుకుని వెళ్ళింది. ఐదు నిమిషాల్లో దూది కరుచుకుని బయటికొచ్చేసింది. రెండు నెలల నొప్పి పోయిందని నవ్విందండి. నేనూ సంతోషించా. ఎందుకు దాచాలి, నేనూ సంతోషించా."

"వాడు మనిషేనా అసలు? కాగితం చూడడు, రోగమేంటని అడగడు. ఇట్టాంటివాళ్ళ మూలానే మాకందరికీ చెడ్డపేరు. నేనైతే వాడి మీద కలెక్టరుకి రాస్తా. మీరు రాయండి, నేను సంతకం పెడతా."

"కలెక్టరుగారు దవడ అతికిస్తారా అండి? నాకు సోమవారం సంగతి కావాలి."

"అయితే వెళ్ళి వాణ్ణే నిలదీయండి. వేరు మొత్తం వచ్చిందా, విరిగిందా అని. కానీ చెప్పడు, నేను రాసిస్తా. కరెంటు పెట్టిన దవడని తెలిస్తే చాలు, మాట మార్చేస్తాడు వాడు. 'మొత్తం వచ్చిందమ్మా, ఏం కాదు, వెళ్ళిరండి' అంటాడు. తన తప్పుండగా ఎవడు చెప్తాడండీ నిజం?"

"మీరైతే?"

"నేనైతే ఏంటి?"

"మీ వల్ల అట్టాంటిది జరిగితే చెప్తారా?"

"మొహం మీద చెప్తా! విరిగితే విరిగిందని చెప్తా. గుర్తులేకపోతే గుర్తులేదని చెప్తా, ఎందుకంటే అది నా పరువు కాదు, ఒక మనిషి దవడ. నేను దొంగచాటుగా చేసేవాణ్ణి కాదు మాస్టారూ. మీ ఊళ్ళోనే, మొన్న జూన్లో సత్రంలో ఉచిత క్యాంపు పెట్టా. ఒక్క పూటలో నూట ముప్ఫై పళ్ళు తీశా. మెళ్ళో దండేశారు. ఈ రోజుకీ ఒక్కరు వచ్చి ఇట్టా అయిందని అన్లేదు."

"అవునండి. నేనూ చప్పట్లు కొట్టా."

"వచ్చారా మీరు?"

"వచ్చామండి. జూన్ పంతొమ్మిది, ఆదివారం. ఆడవాళ్ళ వరసలో మా ఆవిడ చీటీ నంబరు నలభై ఏడు."

"నా క్యాంపులోనా?"

"వస్తానే మీ పేరు చెబితే మీరూ ఏం కాదనే అంటారని భయపడ్డా. ఇప్పుడు అన్నీ మీరే చెప్పారు, రాసుకున్నా. ఒక్కటే ఖాళీ ఉంది. కొంచెం గుర్తు చేసుకుని చెప్పండి డాక్టరుగారూ, వేరు మొత్తం వచ్చిందా?"